ఘాట్ రోడ్డు మీద ఉల్లి లారీ

రాత్రిపూట లారీలు మన ఊళ్ల మీదుగా పోతుంటాయి. అప్పుడు మనం నిద్రలో ఉంటాం. పొద్దున లేచేసరికి అంగట్లో ఉల్లిగడ్డలు, టమాటాలు, బియ్యం సిద్ధంగా ఉంటాయి. రాత్రంతా మేలుకొని వాటిని తెచ్చినవాళ్లను మనం చూడం. ఈ పాఠం అలాంటి ఒక రాత్రి గురించి. ఒక పాత లారీ, రెండు వందల ఇరవై బస్తాల ఉల్లి, ముగ్గురు మనుషులు, నల్లమల కొండ దారి. ఏం జరిగిందో చదవండి. ఎందుకు జరిగిందో ఆలోచించండి.

సరుకు ఎక్కింది

భాద్రపద మాసం. కర్నూలు మార్కెట్ యార్డు ఉల్లి బస్తాలతో నిండిపోయింది. కర్నూలు ఉల్లి చాలా దూరం పోతుంది. కోస్తాలో తాడేపల్లిగూడెం పెద్ద ఉల్లి మార్కెట్టు. అక్కడ మంచి ధర పలుకుతోందని కొందరు రైతులకు కబురు తెలిసింది. నలుగురు రైతులు కలిసి ఒక లారీ మాట్లాడుకున్నారు. సరుకు వెంట ఒక పెద్దాయన బయలుదేరాడు.

ఆ లారీ పాతది. ఆరు చక్రాల బండి. రంగు వెలిసిపోయింది. ఎడమవైపు హెడ్‌లైటు సరిగా వెలగదు. బ్రేకు లైనర్లు మార్చాలని డ్రైవరు రెండు నెలలుగా ఓనరుకు చెబుతున్నాడు.

"ఈ ఒక్క ట్రిప్పు వేసి రా, వచ్చాక మార్పిద్దాం" అని ఓనరు ప్రతిసారీ అనేవాడు.

డ్రైవరుకు బండి నడపడంలో ఇరవై ఐదేళ్ల అనుభవం ఉంది. రోడ్డు గుర్తులన్నీ తెలుసు. అయితే అక్షరాలు రావు. చిన్నప్పుడే క్లీనరుగా చేరాడు. బడి ముఖం చూడలేదు. ఇప్పుడున్న క్లీనరు కుర్రాడు కూడా బడి మానేసినవాడే. కానీ ఊళ్లో రాత్రి బడికి పోయి చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకున్నాడు. కనిపించిన బోర్డునల్లా పైకి చదవడం వాడికి అలవాటు.

"ఒరే అబ్బాయ్, ఆ నోరు కాసేపు మూస్తావా?" అని డ్రైవరు విసుక్కునేవాడు.

హమాలీలు బస్తాలు ఎక్కిస్తున్నారు. క్లీనరు లెక్క పెడుతున్నాడు. రెండు వందలు ఎక్కాయి. ఇంకా ఎక్కిస్తూనే ఉన్నారు. వాడు డ్రైవరు దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఆర్.సి.లో బండి మొత్తం బరువు 16,200 కిలోలు అని ఉంది. ఖాళీ బండి బరువు 6,000 కిలోలు. తీసేస్తే 10,200. బస్తా 50 కిలోలు. రెండు వందల బస్తాలంటే 10,000 కిలోలు. మన ముగ్గురం ఒక 200 కిలోలు. అక్కడికి సరిపోయింది. ఇంక ఎక్కించకూడదు."

డ్రైవరు ఓనరుకు ఫోన్ చేశాడు. ఓనరు ఒప్పుకోలేదు.

"ఇరవై బస్తాలకేమవుతుంది? అందరూ వేసుకుపోతున్నారు. కిరాయి వదులుకుంటామా?" అన్నాడు.

పెద్దాయన కూడా బతిమాలాడు. "ఆ ఇరవై బస్తాలు ఈడ వదిలేస్తే వానకు కుళ్లిపోతాయప్పా. కష్టం అంతా మట్టిపాలైతాది" అన్నాడు.

డ్రైవరు ఏమీ అనలేకపోయాడు. రెండు వందల ఇరవై బస్తాలు ఎక్కాయి. పైన టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించారు. ఉల్లికి తడి తగలకూడదు, గాలి మాత్రం తగలాలి. అందుకని వెనక కొంచెం సందు వదిలారు. బండి కదిలేసరికి రాత్రి ఏడు దాటింది.

నల్లమల దారి

కర్నూలు నుంచి నంద్యాల వరకు దారి మైదానంలో పోతుంది. నంద్యాల దాటాక, మహానందికి దగ్గరలోని గాజులపల్లె తర్వాత అడవి మొదలవుతుంది. అక్కడినుంచి రోడ్డు నల్లమల కొండలు ఎక్కి, అవతల దిగువమెట్ట వైపు దిగుతుంది. ఆ తర్వాత గిద్దలూరు. కొండలకు ఇటు రాయలసీమ మైదానం, అటు కోస్తాకు పోయే దారి. అడవి మధ్యలో పచ్చర్ల లాంటి చిన్న ఊళ్లు తప్ప మనుషుల సందడి ఉండదు. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు.

నంద్యాలలో టీ తాగేటప్పుడు చినుకులు మొదలయ్యాయి. "తెల్లారినాక పోదామా?" అని క్లీనరు అడిగాడు.

"రేపు పొద్దున వేలానికి అందకపోతే ఎట్లప్పా? ఇంకో దినం ఆగితే సరుకు వేడెక్కుతాది" అన్నాడు పెద్దాయన.

ఆయన భయం అబద్ధం కాదు. ఉల్లిని బిగించి కప్పితే లోపల చెమ్మ పడుతుంది. చెమ్మ పట్టిన గడ్డ కుళ్లుతుంది. ఒక గడ్డ కుళ్లితే పక్క గడ్డకు అంటుకుంటుంది. అప్పుచేసి పెట్టిన పంట. ఆ సంగతి డ్రైవరుకు తెలుసు. బండి తీశాడు.

పదిన్నరకు అడవిలోకి వచ్చారు. వాన పెరిగింది. వైపర్ ఒకటే పనిచేస్తోంది. ఎడమ హెడ్‌లైటు గుడ్డిగా వెలుగుతోంది. రోడ్డు పక్కన తెల్ల గీత కనిపించీ కనిపించనట్టుంది. క్లీనరు కిటికీలోంచి తల బయట పెట్టి రోడ్డు అంచు చూసి చెబుతున్నాడు.

"ఎడమ బాగానే ఉందన్నా. పో, పో. ఇక్కడ గుంట. కొంచెం కుడికి."

ఎక్కుడులో బండి రెండో గేరులో మూలుగుతూ ఎక్కింది. ఎదురుగా వచ్చే లారీల వెలుగు కళ్లలో కొడుతోంది. డ్రైవరు లైటు కిందికి దించేవాడు. ఎదుటివాడు దించితే అదృష్టం. దించకపోతే ఆ రెండు క్షణాలూ కళ్లకు గంతలు కట్టినట్టే. పెద్దాయన ముందున్న కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటున్నాడు.

దిగుడు

ఎక్కుడు అయిపోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నిజానికి కొండ దారిలో ఎక్కుడు కంటే దిగుడే ప్రమాదం. ఎక్కేటప్పుడు బండి మొరాయిస్తుంది, అంతే. దిగేటప్పుడు బరువే బండిని ముందుకు తోస్తుంది.

అప్పటికే ఆలస్యమైంది. కొంచెం కలిసొస్తుందని డ్రైవరు మూడో గేరులో దిగుతున్నాడు. వేగం పెరిగినప్పుడల్లా బ్రేకు తొక్కుతున్నాడు. మలుపు వస్తే బ్రేకు. మలుపు దాటాక మళ్లీ బ్రేకు. పావుగంట గడిచింది.

"అన్నా, ఏదో కాలిన వాసన వస్తోంది" అన్నాడు క్లీనరు.

డ్రైవరుకూ ఆ వాసన తగిలింది. రబ్బరు మాడినట్టు, ఇనుము కాగినట్టు ఉంది. అతని ముఖం మారింది. బ్రేకు తొక్కాడు. పెడల్ ఎప్పటికంటే లోపలికి పోయింది. బండి కొంచెమే తగ్గింది. మళ్లీ తొక్కాడు. ఇంకా లోపలికి పోయింది.

అప్పుడే ముందు రోడ్డు పక్కన ఒక రేకు బోర్డు కనిపించింది. దాని మీద బొమ్మ లేదు. ఒట్టి అక్షరాలు. గాలికి ఒక పక్కకు ఒరిగి ఉంది. డ్రైవరు దాన్ని చూశాడు. అది ఏ దుకాణం బోర్డో అనుకున్నాడు.

క్లీనరు గట్టిగా చదివాడు.

"కల్వర్టు పని... 500 మీటర్లు... ఎడమకు మళ్లండి! అన్నా, ముందు కల్వర్టు తవ్వేశారు! ఐదు వందల మీటర్లే! ఎడమకు మళ్లాలి!"

బండి అప్పుడు గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఆ వేగంతో ఐదు వందల మీటర్లు పోవడానికి ముప్పావు నిమిషం చాలు.

డ్రైవరు భయపడ్డాడు. కానీ చేతులు వణకలేదు. హ్యాండ్ బ్రేకును కొంచెం కొంచెంగా లాగాడు. ఫుట్ బ్రేకును వదిలి వదిలి తొక్కాడు. వేగం ముప్పైకి దిగింది. ఇప్పుడు రెండో గేరు వేయాలి. పాత గేరు బాక్సు. క్లచ్ తొక్కి, న్యూట్రల్ చేసి, ఎక్సలేటర్ రేపి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. తప్పితే బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది. ఇక పట్టే దిక్కు ఉండదు.

మొదటిసారి వేశాడు. గరగరమంది. గేరు పడలేదు. బండి వేగం అందుకుంటోంది.

"నరసింహా!" అన్నాడు పెద్దాయన.

రెండోసారి ఇంజన్ను గట్టిగా రేపి వేశాడు. గేరు పడింది. ఇంజను పెద్దగా అరిచింది. బండి మొత్తం ఒక కుదుపు కుదిపి, ఎవరో వెనకనుంచి తాడు కట్టి లాగినట్టు నెమ్మదించింది.

హెడ్‌లైటు వెలుగులో ఎర్ర గుడ్డ కట్టిన కర్రలు కనిపించాయి. వాటి వెనక రోడ్డు లేదు. సగం తవ్విన కల్వర్టు, కింద పారుతున్న నీళ్లు. ఎడమవైపు మట్టి బాట ఉంది. డ్రైవరు స్టీరింగ్ ఎడమకు తిప్పాడు. చక్రాలు బురదలో దిగబడ్డాయి. ఆ బురదే మేలు చేసింది. ఇరవై గజాలు పోయి బండి ఆగింది.

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. వాన చప్పుడు ఒక్కటే వినిపించింది.

ఆగిన బండి దగ్గర ఏం చేశారు?

డ్రైవరు ఇంజను ఆపలేదు. ముందు క్లీనరును దింపాడు. వాడు వెనక చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టాడు. బండి కదలదని తేలాక డ్రైవరు ఇంజను ఆపి దిగాడు.

వెనక చక్రాల దగ్గర పొగ వస్తోంది. వాన చినుకు పడితే చుయ్యిమంటోంది. క్లీనరు నీళ్ల డబ్బా తెచ్చాడు.

"ఆగు! నీళ్లు పోయకు" అని డ్రైవరు అరిచాడు. "కాగిన డ్రమ్ము మీద ఒక్కసారి నీళ్లు పోస్తే పగులుతుంది. దానంతట అదే చల్లారాలి."

తర్వాత వాళ్లు చేసిన పనులు చూడండి.

ఒకటి: బండికి నాలుగు వైపులా మినుకు మినుకుమనే లైట్లు వేశారు.

రెండు: బోర్డు వాన గాలికి ఒరిగిపోయింది కదా. క్లీనరు టార్చిలైటు తీసుకుని రోడ్డు అంచున నడుచుకుంటూ పోయి దాన్ని నిలబెట్టి రాళ్లు పేర్చాడు. వెనక వచ్చే బండ్లకు కనపడాలి కదా.

మూడు: మెరిసే ఎర్ర త్రికోణం గుర్తును బండికి చాలా వెనక పెట్టాడు. కొందరు రోడ్డు మీద బండరాళ్లు పెడతారు. బండి బాగయ్యాక వాటిని తీయకుండా పోతారు. చీకట్లో ఆ రాళ్లు తగిలి మోటారు సైకిలు మీద వచ్చేవాళ్లు చనిపోతుంటారు. రాళ్లు పెట్టకపోవడం మంచిది. తప్పక పెడితే తీసే పోవాలి.

గంటన్నర గడిచింది. డ్రైవరు డ్రమ్ముకు దగ్గరగా చేయి పెట్టి చూశాడు. వేడి తగ్గింది.

"ఇంకాసేపు ఆగుదాం పెద్దాయనా. వేలం పోతుందేమో" అన్నాడు.

పెద్దాయన టార్పాలిన్ కింద తడవకుండా ఉన్న బస్తాలను తడిమి చూసి వచ్చాడు. "పోనీలే నాయనా. నిదానంగా పోదాం. ఆ ఇరవై బస్తాలు నేను ఎక్కించకుండా ఉండాల్సింది" అన్నాడు.

మిగిలిన దిగుడంతా మొదటి గేరులో, రెండో గేరులో దిగారు. బ్రేకు అవసరమైతేనే తొక్కారు. దిగువమెట్ట చేరేసరికి రాత్రి రెండు దాటింది.

బ్రేకు ఎందుకు పట్టలేదు?

మీ రెండు అరచేతులు గట్టిగా రుద్దండి. వేడెక్కుతాయి. బ్రేకులోనూ అదే జరుగుతుంది. చక్రం లోపల ఇనుప డ్రమ్ము ఉంటుంది. అది చక్రంతోపాటు తిరుగుతుంది. డ్రమ్ము లోపల రెండు బ్రేకు షూలు ఉంటాయి. వాటి మీద లైనర్లు అతికించి ఉంటాయి. పెడల్ తొక్కితే లైనర్లు డ్రమ్మును ఒరుసుకుంటాయి. ఆ రాపిడికి చక్రం నెమ్మదిస్తుంది. బండి వేగం వేడిగా మారుతుంది.

ఒకసారి తొక్కితే పుట్టిన వేడి గాలికి పోతుంది. పావుగంట సేపు తొక్కుతూనే ఉంటే పోదు. డ్రమ్ము కాగి వ్యాకోచిస్తుంది. అంటే సాగి పెద్దదవుతుంది. షూలకు దూరమవుతుంది. కాగిన లైనరు పట్టు కూడా తగ్గిపోతుంది. అప్పుడు ఎంత తొక్కినా బ్రేకు పట్టదు. చల్లారాక మళ్లీ కొంత పడుతుంది. అరిగిన లైనర్లయితే ఈ కష్టం ఇంకా తొందరగా వస్తుంది.

మరి దిగుడులో బండిని ఏది ఆపాలి? ఇంజనే ఆపాలి. ఎద్దుల బండి సంగతి గుర్తు చేసుకోండి. దిగుడులో బండి ముందుకు తోసుకొస్తుంది. ఎద్దులు కాళ్లు తన్నిపెట్టి, మెడతో కాడిని వెనక్కి నెట్టి దాన్ని ఆపుతాయి. లారీలో ఇంజను ఎద్దు లాంటిది. గేరు కాడి లాంటిది. తక్కువ గేరు వేస్తే ఇంజను బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ చేస్తే ఎద్దులను విప్పేసి బండిని దిగుడులో వదిలినట్టే.

డీజిలు మిగులుతుందని కొందరు దిగుడులో న్యూట్రల్ చేస్తారు. అది చాలా తప్పు. మిగిలేది కొంచెం. పోయేది ప్రాణం. ఏ గేరులో కొండ ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. ఇది పాత డ్రైవర్లు చెప్పే సూత్రం. మన డ్రైవరు రెండో గేరులో ఎక్కాడు. మూడో గేరులో దిగాడు.

ఇంకో సంగతి. వేగం రెండింతలైతే, బ్రేకు వేశాక బండి ఆగే దూరం రెండింతలు కాదు. నాలుగింతలు అవుతుంది. తడి రోడ్డు మీద ఇంకా ఎక్కువ.

కాబట్టి ఆ రాత్రి జరిగిన తప్పు ఒకటి కాదు. బరువు ఎక్కువైంది. లైనర్లు అరిగాయి. గేరు తప్పింది. ఒక్కొక్కటి విడిగా ఉంటే బండి ఎలాగో గట్టెక్కేది. మూడూ ఒకచోట కలిశాయి. ఓనరు లాభం చూసుకున్నాడు. రైతు పంట చూసుకున్నాడు. డ్రైవరు టైము చూసుకున్నాడు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. అయినా ప్రమాదం వాకిట్లోకి వచ్చి నిలబడింది.

కునుకు మాటేమిటి?

గిద్దలూరు చేరేసరికి రెండున్నర అయింది. ఊరి బయట టీ కొట్టు దగ్గర బండి ఆపారు. భయం తీరాక డ్రైవరుకు నిద్ర ముంచుకొచ్చింది. కళ్లు మండుతున్నాయి. టీ తాగి పోదామనుకున్నాడు.

"పడుకో అన్నా. నేను మేలుకొని ఉంటా" అన్నాడు క్లీనరు.

డ్రైవరు మూడు గంటలు పడుకున్నాడు.

అది సరైన పని. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు వరకు మనిషి ఒళ్లు నిద్ర కోరుకుంటుంది. ఆ సమయంలో కళ్లు తెరిచి ఉన్నట్టే ఉంటాయి. బుర్ర మాత్రం రెండు మూడు సెకన్లు నిద్రపోతుంది. ఆ సంగతి నడిపేవాడికే తెలియదు. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. మూడు సెకన్ల కునుకులో 50 మీటర్లు పోతుంది. ఆ 50 మీటర్లూ బండిని ఎవరూ నడపనట్టే.

కిటికీ తీయడం, పాటలు పెట్టడం, ముఖం కడగడం, గుట్కా నమలడం నిద్రను పోగొట్టవు. టీ కొంతసేపు పనిచేస్తుంది. నిద్రకు మందు నిద్రే. పదిహేను, ఇరవై నిమిషాలు పడుకున్నా కొంత తేడా ఉంటుంది. నిద్ర వస్తోందని చెప్పుకోవడం సిగ్గుపడే విషయం కాదు.

పొద్దున బయలుదేరి కంభం, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు, విజయవాడ మీదుగా తాడేపల్లిగూడెం చేరారు. అప్పటికి సాయంత్రమైంది. ఆ రోజు వేలం అందలేదు. మరునాడు అమ్మారు. ధర కొంచెం తగ్గింది. పది బస్తాలు చెమ్మ పట్టాయి. వాటిని ఏరి వేరుగా అమ్మారు. పెద్దాయన డబ్బు లెక్క పెట్టుకున్నాడు. అప్పు తీరేంత వచ్చింది. చేతిలో మిగిలింది తక్కువ.

డ్రైవరు అక్కడే ఓనరుకు ఫోన్ చేశాడు. "లైనర్లు మార్చకుండా తిరుగు ప్రయాణం కట్టను" అన్నాడు. ఓనరు కోప్పడ్డాడు. డ్రైవరు కదలలేదు. మధ్యాహ్నానికి మెకానిక్కు డబ్బు వచ్చింది.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. 2019లో దాన్ని సవరించారు. అందులో మనం తెలుసుకోవలసినవి ఇవి.

ఆర్.సి.లో రాసిన బరువు కంటే ఎక్కువ వేయకూడదు. వేస్తే 20,000 రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000 రూపాయలు అని సవరించిన చట్టంలో ఉంది. ఎక్కువైన సరుకును దింపే ఖర్చు కూడా పెట్టుకోవాలి.

ఎనిమిదేళ్లు దాటిన సరుకుల బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి. బ్రేకులు, లైట్లు బాగుంటేనే ఆ కాగితం ఇవ్వాలి. కాగితం ఉంది కదా అని బ్రేకు సంగతి మరిచిపోకూడదు.

ఇరుకైన కొండ దారిలో రెండు బండ్లు ఎదురైతే, దిగే బండి ఆగి ఎక్కే బండికి దారి ఇవ్వాలి.

ప్రమాదంలో గాయపడినవాళ్లను ఆస్పత్రికి చేర్చినవారిని వేధించకూడదు. తన పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. కాబట్టి భయపడకుండా సాయం చేయవచ్చు. 108కు గాని, 112కు గాని ఫోన్ చేయాలి. జాతీయ రహదారి మీద సాయానికి 1033 నంబరు ఉంది.

డ్రైవర్లు కూడా కార్మికులే. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లో వచ్చింది. రోజుకు ఎనిమిది గంటల పని, ఐదు గంటలకు మించకుండా మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఉండాలని అందులో రాశారు. 2020లో చేసిన కొత్త కార్మిక చట్టంలో దీన్ని కలిపేశారు. ఎనిమిది గంటల మాట అందులోనూ ఉంది. కానీ రాత్రి రోడ్డు మీద గడియారం చూసేదెవరు? డ్రైవర్లు ఒక్కొక్కరుగా అడిగితే పని పోతుంది. కలిసి అడిగితే మాట నిలుస్తుంది.

లారీ నడిపే లైసెన్సుకు ఎనిమిదో తరగతి చదివి ఉండాలనే నిబంధన ఒకప్పుడు ఉండేది. 2019లో దాన్ని తీసేశారు. చదువు లేని పేదలకు పని దొరకాలని అలా చేశారు. మంచిదే. అయితే లైసెన్సుకు చదువు అక్కరలేకపోయినా రోడ్డుకు చదువు కావాలి. ఆ రాత్రి రేకు బోర్డు మీద బొమ్మ లేదు. అక్షరాలే ఉన్నాయి.

ఆ డ్రైవరు ఇప్పుడు టీ కొట్ల దగ్గర ఆగినప్పుడు క్లీనరు చేత అక్షరాలు దిద్దించుకుంటున్నాడు. ముందుగా నేర్చుకున్న మాటలు మూడు: ఆగు, ఎడమ, కుడి.

రోడ్డు బోర్డులు గుర్తు పడదాం

ఎర్ర అంచు ఉన్న త్రికోణం: జాగ్రత్త చెబుతుంది. ముందు మలుపు, దిగుడు, బడి, ఇరుకు వంతెన లాంటివి.

ఎర్ర అంచు ఉన్న గుండ్రటి బోర్డు: చేయకూడని పని చెబుతుంది. హారన్ కొట్టరాదు, ముందు బండిని దాటరాదు లాంటివి.

నీలం గుండ్రటి బోర్డు: తప్పక చేయవలసిన పని చెబుతుంది.

నీలం చతురస్రం లేదా దీర్ఘచతురస్రం: సమాచారం ఇస్తుంది. ఆస్పత్రి, పెట్రోలు బంకు, బండ్లు నిలిపే చోటు లాంటివి.

కొత్త మాటలు

ఘాట్ రోడ్డు: కొండల మీదుగా మలుపులు తిరుగుతూ పోయే రోడ్డు.
కల్వర్టు: వాగు మీద, కాలువ మీద కట్టే చిన్న వంతెన.
వ్యాకోచించు: వేడికి సాగి పెద్దదగు.
రాపిడి: ఒకదానితో ఒకటి ఒరుసుకోవడం.
సవరించు: మార్చి సరిచేయు.

లెక్కలు చేయండి

1. ఒక లారీ మొత్తం బరువు 16,200 కిలోలు. ఖాళీ బరువు 6,000 కిలోలు. అందులో 220 ఉల్లి బస్తాలు వేశారు. ఒక్కో బస్తా 50 కిలోలు. ముగ్గురు మనుషుల బరువు 200 కిలోలు. ఉండవలసిన దానికంటే ఎంత బరువు ఎక్కువైంది?

2. ఆ బరువుకు చట్టంలో చెప్పిన జరిమానా ఎంత అవుతుంది?

3. ఇరవై బస్తాలకు కిరాయి బస్తాకు 100 రూపాయల చొప్పున వస్తుందనుకోండి. మొత్తం ఎంత? దాన్ని జరిమానాతో పోల్చి చూడండి.

ప్రశ్నలు

1. ఎక్కుడు కంటే దిగుడు ఎందుకు ప్రమాదం?
2. కాగిన డ్రమ్ము మీద డ్రైవరు నీళ్లు ఎందుకు పోయనివ్వలేదు?
3. ఆ రాత్రి కలిసి వచ్చిన మూడు తప్పులు ఏవి? వాటిలో ఏ తప్పును ఎవరు ఆపగలిగేవారు?
4. ఆగిన బండి దగ్గర క్లీనరు చేసిన పనులు వరుసగా రాయండి.

కలిసి మాట్లాడుకోండి

ఎక్కువ సరుకు వేయమని ఓనరు చెబుతాడు. వేయకపోతే పని పోతుందని డ్రైవరు భయపడతాడు. వేస్తే ప్రాణం పోవచ్చు. అలాంటప్పుడు డ్రైవరు ఏం చేయాలి? రైతు ఏం చేయాలి? మీ కేంద్రంలో డ్రైవర్లు, క్లీనర్లు, హమాలీలు ఉంటే వాళ్ల అనుభవాలు అడిగి తెలుసుకోండి.

మీరు చేయండి

మీ ఊరి నుంచి మండల కేంద్రం వరకు రోడ్డు పక్కన ఉన్న బోర్డులన్నీ చదవండి. వాటిని ఒక కాగితం మీద రాయండి. ఒరిగిపోయినవి, రంగు పోయినవి, చెట్ల కొమ్మల చాటున ఉన్నవి ఎన్ని? వాటిని బాగుచేయమని పంచాయతీకి గాని, రోడ్లు భవనాల శాఖకు గాని ఒక అర్జీ రాయండి. అర్జీ కింద అందరూ సంతకాలు చేయండి.